సర్వర్ ఆగిన రోజు నుంచి వెనక్కి లెక్కేయాలి: చిన్న వ్యాపారానికి నెట్‌వర్క్ ప్లాన్

చిన్న ఆఫీసులో సర్వర్ పెట్టాలన్న మాట రాగానే ముందుగా బల్ల మీదికి వచ్చేది కొటేషన్. ప్రాసెసర్‌కి ఎన్ని కోర్లు, ర్యామ్ ఎంత, డిస్కులు ఎన్ని టీబీలు, వారంటీ ఎన్నేళ్లు అంటూ చర్చంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ కాగితంలో ఎక్కడా కనిపించని ప్రశ్నలు రెండున్నాయి. ఈ సర్వర్ పడిపోతే పని ఎంతసేపు ఆగినా ఫర్వాలేదు? మళ్లీ లేచాక ఎంత డేటా లేకపోయినా తట్టుకోగలం? ఐటీవాళ్లు మొదటిదాన్ని ఆర్‌టీవో అని, రెండోదాన్ని ఆర్‌పీవో అని అంటారు. ఆ పేర్లు గుర్తులేకపోయినా నష్టం లేదు. ఈ రెండింటికీ అంకెలు రాసుకోకుండా కొన్న సామాను మాత్రం, ఎంత ఖరీదైనదైనా, గుడ్డిగా కొన్నట్టే.

బిల్లింగూ స్టాకూ ఒకే సర్వర్ మీద నడిచే పన్నెండుమంది ఆఫీసును తీసుకుందాం. బ్యాకప్ రోజూ రాత్రి నడుస్తుంది. సాయంత్రం 5 గంటలకు డిస్క్ పోయిందంటే ఆ రోజు పొద్దున్నుంచి కొట్టిన బిల్లులన్నీ పోయినట్టే. కాగితపు కాపీలు ఫైల్లో ఉంటే ఇద్దరు మనుషులు ఒక పూట కూర్చుని మళ్లీ ఎక్కించుకోగలరు. అలాంటి ఆఫీసుకి రాత్రి బ్యాకప్ చాలు. ఆర్డర్లన్నీ ఆన్‌లైన్‌లో వచ్చే వ్యాపారంలో ఆ కాగితం అనేదే ఉండదు. అక్కడ పోయిన ఆర్డరు కస్టమర్ ఫోన్ చేసి నిలదీసేదాకా బయటపడదు. కాబట్టి గంటకోసారి, వీలైతే పావుగంటకోసారి డేటాబేస్ కాపీ పక్కకు వెళుతూ ఉండాలి. ఆఫీసుల సైజు ఒకటే, మనుషుల సంఖ్య ఒకటే. కొనవలసిన సామాను మాత్రం పూర్తిగా వేరు.

‘అసలు ఆగకూడదు’ అన్న జవాబు ప్రతి యజమాని నోటా వస్తుంది. అది కోరిక మాత్రమే, లెక్క కాదు. ఏడాదిలో 99 శాతం సమయం నడిచే సర్వర్ మొత్తం మీద మూడున్నర రోజులకు పైగా ఆగి ఉంటుంది. 99.9 శాతం అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 46 నిమిషాలు. పక్కన ఒక తొమ్మిది చేర్చిన ప్రతిసారీ ఇంకో మెషీన్, ఇంకో ఇంటర్నెట్ లైన్, వాటిని చూసుకునే ఇంకో మనిషి కావాలి. చిన్న వ్యాపారానికి అరపూటలో తిరిగి లేవగలిగే ఒకే ఒక్క సర్వర్, ఎవరికీ పూర్తిగా అర్థంకాని రెండు సర్వర్ల క్లస్టర్ కంటే నమ్మకమైనది. ఎందుకంటే ఇక్కడ ఐటీ విభాగం అంటే చాలాసార్లు ఒకే మనిషి, అదీ వేరే పనుల మధ్య.

ఇక ఆఫీసులో ఏం ఉంచాలి, బయట ఏం పెట్టాలి అన్నది తేల్చుకోవాలి. మెయిల్ సర్వర్‌ను సొంతంగా నడపడం చిన్న వ్యాపారానికి తగని పని. పంపే ఐపీ అడ్రస్‌కి మంచి పేరుండాలి, మెయిల్ పంపింది నిజంగా మనమేనని అవతలివాళ్లు తేల్చుకునే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు సరిగ్గా ఉండాలి. ఏదో ఒకటి తప్పితే కస్టమర్‌కి పంపిన కొటేషన్ స్పామ్‌లో పడుతుంది, పడినట్టు పంపినవాళ్లకు తెలియదు. దాన్ని బయట సర్వీసుకు అప్పగించడమే మేలు. పెద్ద డిజైన్ ఫైళ్లు, వీడియోలు, కెమెరా రికార్డింగులు, లోపలి డేటాబేస్‌తో నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆఫీసులోనే బాగుంటాయి. దీనికి కారణం చిన్న గుణకారంలోనే ఉంది. అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉన్న లైన్ మీద 2 టీబీల డేటా క్లౌడ్‌కి ఎక్కాలంటే రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా 9 రోజులు దాటుతుంది. అదే డేటా 1 జీబీపీఎస్ లోకల్ నెట్‌వర్క్ మీద ఐదు గంటల్లో కాపీ అయిపోతుంది. దించుకునేటప్పుడూ ఈ లెక్క వేసుకోవాలి. బ్యాకప్ మొత్తం క్లౌడ్‌లోనే ఉంటే, సర్వర్ పోయిన రోజున అది తిరిగి కిందికి రావడానికి పట్టే సమయం కన్నా ఆర్‌టీవో తక్కువ ఉండే ప్రసక్తే లేదు.

సామాను ఎంపికలో అందరూ తేలిగ్గా తీసుకునేది కేబులింగ్. నెట్‌వర్క్ వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ అనే పెట్టెని ఐదారేళ్లకు మారుస్తాం, సర్వర్‌ని కూడా అంతే. గోడలోంచి వెళ్లిన వైరు పదిహేనేళ్లయినా అక్కడే ఉంటుంది. రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కి 100 మీటర్ల హద్దు ఉంది. గోడలో వెళ్లే భాగం 90 మీటర్లు, రెండు చివర్లా ప్యాచ్ కార్డులకి మిగిలిన 10 అని ప్రమాణం. క్యాట్ 5ఈ కేబుల్ 1 జీబీపీఎస్‌కి సరిపోతుంది. క్యాట్ 6 మీద 10 జీబీపీఎస్ దాదాపు 55 మీటర్ల వరకే నమ్మకంగా నడుస్తుంది, క్యాట్ 6ఏ అయితే పూర్తి 100 మీటర్లూ మోస్తుంది. ఇక్కడ కళ్లు తెరిచి చూడవలసింది సీసీఏ అని అమ్మే చవక కేబుల్‌ని. అది అల్యూమినియం తీగ, పైన రాగి పూత. చూడ్డానికి తేడా తెలియదు. గీకి చూస్తే లోపల వెండి రంగు బయటపడుతుంది. రాగి కన్నా నిరోధం ఎక్కువ కాబట్టి కెమెరాలకూ వైఫై యాక్సెస్ పాయింట్లకూ ఇదే వైరు మీద కరెంటు పంపితే వేడెక్కుతుంది, చివరికి చేరే వోల్టేజీ తగ్గుతుంది. కెమెరా రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగించగానే రీస్టార్ట్ అవుతుంటే, పగలంతా బాగానే ఉంటే, ముందు అనుమానించవలసింది ఈ వైరునే.

ఒక్కో సీటుకి రెండు కేబుళ్లు లాగించడం, రెండు చివర్లా ఒకే నంబరు లేబుల్ అతికించడం ఆ రోజుకి దండగ ఖర్చులా అనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఇరవై నాలుగు నీలం వైర్లలో ఏది ఎవరి టేబుల్‌కి వెళ్లిందో వెతుకుతూ నేల మీద కూర్చున్నవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. కరెంటు వైర్ల పక్కనే, అదే పైపులో నెట్‌వర్క్ వైరు పోనివ్వకూడదు. అది సిగ్నల్‌కీ మంచిది కాదు, మనుషులకీ కాదు.

స్విచ్ కొనేటప్పుడు పోర్టులు లెక్కపెట్టడం తెలిసిన పనే. మనుషుల్ని కాకుండా పరికరాల్ని లెక్కపెట్టాలి. పన్నెండుమంది ఆఫీసులో కంప్యూటర్లు, ఐపీ ఫోన్లు, ప్రింటర్లు, కెమెరాలు, యాక్సెస్ పాయింట్లు, సర్వర్‌కి రెండు పోర్టులు కలుపుకుంటే నలభై దగ్గరికి సులువుగా చేరుతుంది. చాలామంది చూడనిది పీవోఈ బడ్జెట్, అంటే నెట్‌వర్క్ వైర్ల మీద స్విచ్ మొత్తంగా పంపగలిగే కరెంటు. 802.3ఏఎఫ్ ప్రమాణం ఒక్కో పోర్టుకి గరిష్ఠంగా 15.4 వాట్లు ఇస్తుంది, తర్వాత వచ్చిన 802.3ఏటీ 30 వాట్లు. డబ్బా మీద 24 పీవోఈ పోర్టులని రాసి ఉన్నా, మొత్తం బడ్జెట్ 190 వాట్లయితే పూర్తి 15.4 వాట్లు అడిగే పరికరాల్ని పన్నెండింటినే మోయగలదు. పదమూడోది పెట్టగానే అది వెలగదు, లేదా పాతదొకటి ఆరిపోతుంది.

సెట్టింగులు మార్చుకునే వీలున్న మేనేజ్డ్ స్విచ్ తీసుకోవడానికి ఒక సంఘటన చాలు. ఎవరో టేబుల్ కింద శుభ్రం చేస్తూ ఊడి కనిపించిన కేబుల్ చివరను ఖాళీగా ఉన్న సాకెట్‌లో పెడతారు. దాని రెండో చివర ఆ పక్క సాకెట్‌లోనే ఉంది. క్షణాల్లో అన్ని పోర్టుల లైట్లూ ఒకే లయలో మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంటాయి, ఫోన్లు మూగబోతాయి, సర్వర్ అందదు. అందరికీ వెళ్లే ఒకే సందేశం (బ్రాడ్‌కాస్ట్) ఆ వలయంలో పడి అంతులేకుండా తిరుగుతోందన్నమాట. ఈ చిక్కుకి మందు 1985లోనే రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టిన స్పానింగ్ ట్రీ. వలయాన్ని గుర్తించి ఒక దారిని మూసేస్తుంది. చవక అన్‌మేనేజ్డ్ స్విచ్‌లు చాలావాటిలో ఆ పని జరగదు.

ఇప్పుడు ఐపీ అడ్రసులు. ప్రైవేటు నెట్‌వర్క్‌ల కోసం విడిగా ఉంచిన అడ్రసుల్ని 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 1918 ఖరారు చేసింది: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. రౌటర్ డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్న 192.168.1 లేదా 192.168.0 శ్రేణినే అలాగే ఉంచేయడం చాలా ఆఫీసుల్లో కనిపిస్తుంది. ఆఫీసు లోపల ఏ ఇబ్బందీ ఉండదు. అకౌంట్స్ చూసే మనిషి ఇంటి నుంచి వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసుకున్న రహస్య దారిలో, లోపలికి వచ్చిన రోజు మొదలవుతుంది. వాళ్లింటి రౌటర్‌ది కూడా 192.168.1 శ్రేణే. సర్వర్ 192.168.1.10 అని అడిగితే ల్యాప్‌టాప్ ఆ అడ్రస్‌ని ఇంట్లోనే వెతుక్కుంటుంది, బహుశా అక్కడ టీవీ దొరుకుతుంది. వీపీఎన్ కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, ఫైళ్లు మాత్రం రావు. మొదటి రోజే 10.37 లాంటి, ఇళ్లలో అరుదుగా వాడే శ్రేణిని ఎంచుకుంటే ఈ తలనొప్పి పుట్టదు. తర్వాత మార్చడమంటే ప్రతి ప్రింటర్‌నీ, ప్రతి కెమెరానీ మళ్లీ ముట్టుకోవాలి.

ఆ శ్రేణిని వీల్యాన్‌లుగా, అంటే అవే వైర్ల మీద విడివిడిగా నడిచే చిన్న నెట్‌వర్క్‌లుగా, విడదీయడం తర్వాతి మెట్టు. సర్వర్లు వీల్యాన్ 10లో, సిబ్బంది కంప్యూటర్లు 20లో, ఫోన్లు 30లో, కెమెరాలు 40లో, అతిథుల వైఫై 50లో అనుకుందాం. అడ్రస్‌లో మూడో అంకె కూడా అదే ఉండేలా 10.37.10, 10.37.20 అని పెట్టుకుంటే అడ్రస్ చూడగానే ఆ పరికరం ఏ కోవలోదో తెలిసిపోతుంది. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. వీల్యాన్లు చేసేశాం కాబట్టి భద్రత వచ్చేసిందనుకుంటారు. వాటి మధ్య ఉన్న రౌటరో, రాకపోకల్ని అడ్డుకునే ఫైర్‌వాలో అన్నింటినీ అన్నింటి దగ్గరికీ పోనిస్తుంటే గోడ కట్టి తలుపు బార్లా తెరిచినట్టే. కెమెరాలు రికార్డర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. అతిథులు ఇంటర్నెట్‌కి తప్ప ఎక్కడికీ వెళ్లకూడదు. ఇలాంటి నియమాలు నాలుగైదు తెలుగు వాక్యాల్లో ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత ఫైర్‌వాల్‌లో పెడితే పొరపాట్లు తగ్గుతాయి.

ఆఫీసులో డొమైన్ కంట్రోలర్, అంటే అందరి లాగిన్లనూ ఒకేచోట చూసుకునే సర్వర్, పెట్టుకుంటే డీఎన్ఎస్ విషయంలో, అంటే పేరు చెబితే అడ్రస్ చెప్పే సర్వీసు విషయంలో, చెయ్యి జారకూడదు. యాక్టివ్ డైరెక్టరీ అనండి, సాంబా మీద కట్టుకున్న డొమైన్ అనండి, లాగిన్ సర్వర్ ఎక్కడుందో కంప్యూటర్లు డీఎన్ఎస్‌నే అడుగుతాయి. ‘మొదటి డీఎన్ఎస్ మన సర్వర్, రెండోది బయట పబ్లిక్‌ది, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది’ అని పెట్టేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే, ఫలితం చెడ్డది. లోపలి సర్వర్ ఒక్క క్షణం జవాబు ఆలస్యం చేసిందంటే కంప్యూటర్ బయటి డీఎన్ఎస్‌కి మళ్లుతుంది. దానికి మన లోపలి పేర్లేవీ తెలియవు, అలాంటి పేరే లేదని చెబుతుంది. ఒకరికి లాగిన్ అవుతుంది, పక్కవాళ్లకి అవదు, పది నిమిషాలకి తారుమారవుతుంది. డొమైన్ ఉన్నచోట కంప్యూటర్లకి లోపలి డీఎన్ఎస్‌లు మాత్రమే ఇవ్వాలి. బయటి పేర్ల కోసం ఆ సర్వర్లే బయట అడిగి తెచ్చుకుంటాయి. గడియారాల సంగతి కూడా ఇలాంటిదే. లాగిన్ వెనక పనిచేసే కెర్బెరోస్ మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే సహిస్తుంది. సర్వర్ గడియారం అంతకన్నా పక్కకు జరిగితే సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి రానివ్వదు.

ఇంత అయ్యాక గానీ సర్వర్ దగ్గరికి రాకూడదు. తప్పుల్ని సరిదిద్దే ఈసీసీ మెమరీ, ఖాళీ డిస్క్ బేలు ఉన్న ఒక మంచి మెషీన్ తీసుకుని, దాని మీద వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే పెట్టెలో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి, నడపడం చాలామందికి సరిపోయే దారి. డొమైన్‌కి ఒకటి, ఫైళ్లకి ఒకటి, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఒకటి విడివిడిగా ఉంటే, ఒకదాన్ని అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేసినా మిగతావి నడుస్తూనే ఉంటాయి. రెండో డొమైన్ కంట్రోలర్‌ని మాత్రం వేరే మెషీన్ మీదే పెట్టాలి, చిన్న పాత పెట్టె అయినా సరే.

డిస్కుల అమరికలో రెయిడ్ మాట, అంటే కొన్ని డిస్కుల్ని కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా వాడే పద్ధతి మాట, ఎత్తకుండా కుదరదు. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో ఆ పేరు స్థిరపడింది. అప్పటి డిస్కులకీ ఇప్పటివాటికీ పోలికే లేదు. రెయిడ్ 5లో 12 టీబీల డిస్క్ ఒకటి పోయి కొత్తది పెడితే, సెకనుకి 150 ఎంబీల చొప్పున ఏ ఆటంకమూ లేకుండా నింపినా 22 గంటలు పడుతుంది. ఆఫీసు పని కూడా నడుస్తుంటే ఇంకా ఎక్కువ. ఆ సేపంతా మిగతా డిస్కుల్ని ఆపకుండా చదువుతూనే ఉండాలి, వాటిలో ఇంకొకటి పోతే అన్నీ పోయినట్టే. నాలుగు డిస్కుల వరకు పెట్టేచోట అద్దం కాపీలా పనిచేసే రెయిడ్ 1 లేదా 10 మేలు. జాగా సగమే దక్కుతుంది, నిద్ర పూర్తిగా దక్కుతుంది. అయితే రెయిడ్ అంటే బ్యాకప్ కాదు. పొరపాటున తుడిచిన ఫోల్డర్ రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో మాయమవుతుంది. డబ్బు గుంజడానికి ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ కూడా రెండింటికీ ఒకేసారి వేస్తుంది.

యూపీఎస్‌ని ఎంతసేపు కరెంటు ఇస్తుందన్న లెక్కతోనే కొంటారు. దానికన్నా ముఖ్యం యూపీఎస్ నుంచి సర్వర్‌కి వెళ్లే యూఎస్‌బీ తీగ. బ్యాటరీ అడుగంటుతోందన్న కబురు దాని మీద వెళితేనే సర్వర్ డేటాబేస్‌ని మూసి మర్యాదగా పడుకుంటుంది. చాలాచోట్ల ఆ తీగ డబ్బాలోనే మిగిలిపోతుంది. బ్యాటరీలు మూడు నుంచి ఐదేళ్లు వస్తాయి, పెట్టిన తేదీ వాటి మీదే రాసి ఉంచాలి. స్విచ్‌నీ ఫైర్‌వాల్‌నీ కూడా యూపీఎస్ మీదికే తేవాలి. సర్వర్ గది ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం సిఫారసు. తలుపు మూసిన బీరువాలో 500 వాట్ల పెట్టె పెట్టడమంటే లోపల చిన్న హీటర్ వెలిగించి వదిలేసినట్టే.

భద్రతలో చిన్న వ్యాపారాల్ని ముంచేది ఎక్కువగా తెరిచి ఉంచిన తలుపులే. బయట నుంచి సర్వర్ చూసుకోవడానికి వీలుగా ఉంటుందని రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టడం అందులో మొదటిది. అలాంటి పోర్టుల్ని వెతుకుతూ ఆటోమేటిక్ స్కానర్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. బయట నుంచి రావలసినవాళ్లు వీపీఎన్ ద్వారానే, అదీ రెండో అంచె ధ్రువీకరణతోనే రావాలి. రెండోది అప్‌డేట్లు వాయిదా వేయడం. 2017 మే 12న మొదలై ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసింది. దాదాపు రెండు నెలల గడువు దొరికినా వేయని మెషీన్లు దెబ్బతిన్నాయి. నెలకోసారి, ఫలానా వారం ఫలానా రాత్రి అని ముందే క్యాలెండర్‌లో రాసుకున్న ఆఫీసులో అప్‌డేట్లు జరుగుతాయి. తీరిక దొరికినప్పుడు చేద్దామనుకున్నచోట జరగవు.

బ్యాకప్‌కి ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇప్పటికీ నిలబడుతోంది: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరేచోట. దీనికి ఇప్పుడు ఒక షరతు కలపాలి. ఆ కాపీల్లో కనీసం ఒక్కటి ఆఫీసు అడ్మిన్ పాస్‌వర్డ్‌తో తుడవడానికి వీల్లేనిదై ఉండాలి. రాన్సమ్‌వేర్ ముఠాలు లోపలికి రాగానే ముందు బ్యాకప్‌నే వెతుకుతాయి కాబట్టి, డొమైన్‌లో చేర్చిన బ్యాకప్ సర్వర్ దొంగకి తాళంచెవి చేతికిచ్చినట్టు అవుతుంది. తీసి అల్మారాలో పెట్టే డిస్కయినా ఫర్వాలేదు.

బ్యాకప్ నడుస్తోందన్న నమ్మకం ఎంత పెళుసైనదో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనుభవం చూపిస్తుంది. 2017 జనవరి 31న ఆ సంస్థ ఇంజినీరు ఒకరు అర్ధరాత్రి వేళ ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో, అంటే అసలు డేటాబేస్‌లో, డేటా ఫోల్డర్‌ని తుడిచేశారు. ఆపేలోగా దాదాపు 300 జీబీల్లో 4.5 జీబీలే మిగిలాయి. ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ ఏర్పాట్లుండగా ఒక్కటీ అక్కరకు రాలేదు. రోజూ నడవాల్సిన డేటాబేస్ డంప్, అంటే మొత్తం కాపీ, సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ వస్తోంది. విఫలమైందని పంపిన మెయిళ్లు డీమార్క్ తనిఖీలో తిరస్కరణకు గురయ్యాయి, ఎవరూ చూడలేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు చేతితో తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్లని గట్టెక్కించింది. ఆ మధ్య ఆరు గంటల డేటా పోయింది. ఇదంతా దాచకుండా తామే బయటపెట్టడం ఆ సంస్థ అందరికీ చేసిన మేలు. ఆరితేరిన ఇంజినీర్లున్నచోటే ఇలా జరిగిందంటే, ఒక్క మనిషి చూసుకునే ఆఫీసులో పచ్చరంగు టిక్ మార్కుని చూసి ఊరుకోవడానికి లేదు.

అందుకే మూడు నెలలకోసారి రిస్టోర్ చేసి చూడాలి. ఒక ఫైలు తిరిగి తెచ్చుకోవడం కాదు, అకౌంటింగ్ సర్వర్ మొత్తాన్ని పక్క మెషీన్ మీద, నెట్‌వర్క్‌కి కలపకుండా లేపి, నిన్నటి ఆఖరి బిల్లు నంబరు అందులో ఉందో లేదో ఆ బిల్లు కొట్టిన మనిషి చేతే చూపించుకోవాలి. మొదలుపెట్టిన సమయం, బిల్లు కనిపించిన సమయం రాసుకోవాలి. ఆ తేడా ఆరు గంటలు వచ్చి, మొదటి రోజు కాగితం మీద రాసుకున్న ఆర్‌టీవో మూడు గంటలైతే, రెండింట్లో ఒకదాన్ని మార్చక తప్పదు. బ్యాకప్ డిస్కుని వేగమైనదిగా మార్చాలి, లేదా యజమానితో కూర్చుని ఆరు గంటలకి ఒప్పించుకోవాలి.

ఇక రాతపని. డొమైన్ పేరు, లైసెన్సులు, ఇంటర్నెట్ కనెక్షన్ అన్నీ సంస్థ పేరు మీదే, సంస్థ మెయిల్ మీదే ఉండాలి. ఏర్పాటు చేసిన మనిషి సొంత మెయిల్‌కి రెన్యువల్ నోటీసు వెళ్లి, ఆ మనిషి అప్పటికే ఉద్యోగం మారి ఉంటే, ఒక పొద్దున వెబ్‌సైటూ మెయిలూ రెండూ ఆగిపోతాయి. పాస్‌వర్డులు పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉన్నా, దాని ముఖ్య పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో యజమాని దగ్గర ఉండాలి. నెట్‌వర్క్ బొమ్మ, అడ్రసుల పట్టిక సర్వర్‌లోనే భద్రం చేసుకుంటే సర్వర్ పడిన రోజు అవే దొరకవు. వాటిని ప్రింట్ తీయాలి.

ఆ ప్రింట్లతో పాటు ర్యాక్ తలుపు లోపలి వైపున ఇంకో కాగితం అంటించాలి. ఆపే వరుస: ముందు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, తర్వాత డేటాబేస్, ఫైల్ సర్వర్, ఆఖరున డొమైన్ కంట్రోలర్, ఆ తర్వాతే అసలు మెషీన్. లేపే వరుస: ఫైర్‌వాల్, స్విచ్, అసలు మెషీన్, డొమైన్ కంట్రోలర్, డీఎన్ఎస్ జవాబిస్తోందని చూసుకున్నాక డేటాబేస్, దాని తర్వాత మిగతావి. ఈ కాగితం రాసిన మనిషి దూరంగా నిలబడాలి. కంప్యూటర్లంటే పెద్దగా పరిచయం లేని ఇంకొకరు, ఏ ప్రశ్నా అడగకుండా, కేవలం కాగితం చదువుకుంటూ ఒక సెలవు రోజున సర్వర్‌ని ఆపి మళ్లీ లేపాలి. వాళ్లు ఆగి తలెత్తి చూసిన ప్రతిచోటా ఒక వాక్యం తక్కువైందన్నమాట. దాన్ని అప్పుడే పెన్నుతో ఆ కాగితం మీద చేర్చి, మళ్లీ మొదటి నుంచి చేయించాలి.